డెస్క్‌టాప్ ప్రోగ్రాంలో ఎమోజీ: తెలుగుతో కలిపి బాగుచేసే పద్ధతి

ఛత్తా బజార్‌లో పెళ్లికార్డులు వేసేవాళ్లకైనా, చిక్కడపల్లిలో పాంప్లెట్లు కొట్టే డీటీపీ షాపులకైనా ఇప్పుడు మ్యాటర్ కాగితం మీద రావడం తగ్గిపోయింది. వాట్సాప్‌లో వస్తుంది. "మా గృహప్రవేశానికి సకుటుంబంగా రండి" అని ఉంటుంది, దాని వెనకే రెండు నమస్కారాలు, ఒక ఇల్లు, ఒక పువ్వు. దాన్ని కాపీ చేసి ఏదో ఓపెన్ సోర్స్ ఎడిటర్‌లో పేస్ట్ చేస్తే నమస్కారం ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా కనిపిస్తుంది. అపార్ట్‌మెంట్ సంఘం లెక్కలు రాసుకునే చిన్న ప్రోగ్రాం అయినా, హాస్టల్లో కుర్రాడు వాడే నోట్స్ యాప్ అయినా ఇంతే. ఆ ప్రోగ్రాం సోర్స్ కోడ్ అందరికీ తెరిచే ఉంది, మీకు కాస్తో కూస్తో కోడింగ్ వచ్చు. ఇక దాన్ని బాగుచేయడం ఎలాగో చూద్దాం.

దిగే ముందు ఒక సంగతి. ఎమోజీ ఎక్కడ విరుగుతుందో దాదాపు అక్కడే తెలుగు కూడా విరుగుతుంది. కాకపోతే ప్రోగ్రాం నడిపే మెయింటెయినర్ ఏ జర్మనీలోనో బ్రెజిల్‌లోనో ఉంటాడు. "టైటిల్ చివర వత్తు ఊడిపోయి పొల్లు మిగులుతోంది" అని బగ్ రాస్తే ఆయనకు ఏమీ తోచదు. అదే కోడ్ వల్ల ఒక ఎమోజీ రెండు ముక్కలైందని స్క్రీన్‌షాట్ పెడితే ఆ సాయంత్రమే జవాబొస్తుంది. అందుకే నా సలహా: ఎమోజీ పేరు మీద లోపలికి వెళ్లండి, తెలుగు పని కూడా చేసుకుని బయటికి రండి.

ముందు జబ్బు ఎక్కడుందో చూడండి

కోడ్ తెరవకముందే ప్రోగ్రాంలో కొన్ని ఎమోజీలు పేస్ట్ చేసి ఏం కనిపిస్తోందో గమనించండి. సగం రోగం అక్కడే తేలిపోతుంది.

ఖాళీ డబ్బా వస్తే డేటా బాగానే ఉంది, ఫాంట్ లేదు. ప్రశ్న గుర్తులో, నల్ల వజ్రంలో తెల్ల ప్రశ్న గుర్తో వస్తే ఫాంట్ కాదు, డేటానే పాడైంది. ఎక్కడో అక్షరాన్ని మధ్యలో కోశారు, లేదా తప్పు ఎన్‌కోడింగ్‌లో దాచారు (ఎన్‌కోడింగ్ అంటే అక్షరాలను బైట్లుగా మార్చే పద్ధతి). లాప్‌టాప్ ముందు కూర్చున్న అమ్మాయి బొమ్మ పెడితే అమ్మాయి వేరుగా, లాప్‌టాప్ వేరుగా వస్తున్నాయంటే వాటిని కలిపే కనిపించని అక్షరాన్ని ఎవరో తీసేశారు, లేదా టెక్స్ట్ గీసే లైబ్రరీకి కలపడం రాదు. అన్నీ వచ్చి రంగు మాత్రం రాకపోతే లైబ్రరీ పాతదై ఉండాలి.

మువ్వన్నెల జెండా పెట్టి విండోస్‌లో చూస్తే జెండా బదులు ఐ, ఎన్ అనే రెండు ఇంగ్లిష్ అక్షరాలు వస్తాయి. ఇది మీ ప్రోగ్రాం తప్పు కాదు, టెన్షన్ పడకండి. జెండా అంటే, అక్షరానికో నంబరు ఇచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో ఆ రెండు అక్షరాల జంటే. విండోస్‌తో వచ్చే ఎమోజీ ఫాంట్‌లో దేశాల జెండాలు లేవు. పంద్రాగస్టు నాడు ఈ బగ్ రిపోర్టు ఎవరో ఒకరు తప్పకుండా పెడతారు.

దాచే చోటు

జపాన్ ఫోన్లలో పుట్టిన ఈ బొమ్మలు 2010లో యూనికోడ్ 6.0తో అధికారికంగా లోపలికి వచ్చాయి. చాలావాటికి ఇచ్చిన నంబర్లు 65,535 దాటి ఉంటాయి. ఒక అక్షరానికి రెండు బైట్లు చాలనుకుని రాసిన పాత ప్రోగ్రాములన్నీ ఇక్కడే బోల్తా పడ్డాయి. తెలుగు అక్షరాలు ఆ హద్దుకు లోపలే ఉన్నాయి కాబట్టి తెలుగు బాగానే నడుస్తూ ఎమోజీ మాత్రం చచ్చిపోయే ప్రోగ్రాం కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.

డేటాబేస్ ఎస్‌క్యూలైట్ అయితే పెద్దగా చూడాల్సింది లేదు. మైఎస్‌క్యూఎల్ అయితే పట్టికల ఎన్‌కోడింగ్ చూడండి. అందులో ఉత్త యూటీఎఫ్8 అన్న పేరుతో చాలాకాలం ఉన్నది అక్షరానికి మూడు బైట్ల దాకానే పట్టేది. తెలుగు అక్షరానికి మూడు బైట్లు చాలు, ఎమోజీకి నాలుగు కావాలి. దాన్ని యూటీఎఫ్8ఎంబీ4కు మార్చాలి, కనెక్షన్ సెట్టింగ్‌లో కూడా అదే పెట్టాలి. పైథాన్‌లో ఫైలు తెరిచే ప్రతి చోటా ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని విడిగా రాయండి. లినక్స్‌లో రాయకపోయినా నడిచిపోతుంది, అదే ప్రోగ్రాం విండోస్‌లో పెడితే సేవ్ కొట్టగానే ఎర్రర్ ఇస్తుంది.

పైథాన్ అంటే గుర్తొచ్చింది. అమీర్‌పేట కోచింగుల్లో డెస్క్‌టాప్ ప్రోగ్రాం అనగానే టీకేఇంటర్‌తో మొదలుపెట్టిస్తారు. దాని కింద ఉండే టీకే 8.6కు 65,535 పైనున్న అక్షరాలతో ఎప్పుడూ పేచీయే. 2024లో వచ్చిన 9.0తోగానీ పూర్తి యూనికోడ్ సరిగా కుదరలేదు. మీరు బాగుచేయబోయే ప్రోగ్రాం పాత టీకే మీద ఉంటే ఎమోజీతో కుస్తీ పట్టకండి, ముందు టూల్‌కిట్ వెర్షన్ పెంచే మాట ఎత్తండి.

ఫాంట్లు, వాటి వరస

లినక్స్‌లో టెర్మినల్ తెరిచి ఎఫ్‌సీ-మ్యాచ్ అని, పక్కన ఎమోజీ అని కొట్టండి. ఇంగ్లిష్ అక్షరాల్లోనే సుమా. ఎమోజీకి ఏ ఫాంట్ దొరుకుతోందో చెబుతుంది. నోటో కలర్ ఎమోజీ అని వస్తే సరే. లేకపోతే డెబియన్, ఉబుంటుల్లో ఫాంట్స్-నోటో-కలర్-ఎమోజీ అనే ప్యాకేజీ వేసుకోవాలి. ప్రోగ్రాం ప్యాకేజీలో దీన్ని తప్పనిసరి చేయకుండా సిఫారసుగా పెట్టండి. సికింద్రాబాద్ సీటీసీలో కొన్న పాత లాప్‌టాప్‌లో ప్రతి ఎంబీ చూసుకుని వాడేవాళ్లూ ఉన్నారు.

ఫాంట్‌ను మీ ప్రోగ్రాంతో కలిపి ఇవ్వాలనుకుంటే లైసెన్స్ చూడాలి. నోటో ఎమోజీ ఫాంట్ ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉంది, కలిపి ఇవ్వచ్చు. ట్వెమోజీ బొమ్మలు సీసీ-బీవై 4.0, పేరు చెప్పి వాడుకోవచ్చు. ఓపెన్‌మోజీ సీసీ-బీవై-ఎస్ఏ 4.0, అంటే మార్చి వాడినా అదే లైసెన్స్‌తో పంచాలి. ఐఫోన్ బొమ్మలు బాగున్నాయని నెట్‌లోంచి లాగి పెట్టారా, డెబియన్ లాంటి చోట ఆ ప్యాకేజీని గుమ్మం దాటనివ్వరు.

ఇప్పుడు వరస. ప్రోగ్రాంలో ఫాంట్ల జాబితా ఉంటే ముందు మామూలు ఫాంటు, తర్వాత తెలుగు ఫాంటు, చివరికి ఎమోజీ ఫాంటు రావాలి. "ఎమోజీ రావట్లేదు, దాన్ని ముందు పెడితే పోలా" అని చాలామంది తిరగేస్తారు. తిరగేస్తే ఎమోజీ వస్తుంది, అంకెలు పాడవుతాయి. 0 నుంచి 9 దాకా అంకెలకు, నక్షత్రం గుర్తుకు, హ్యాష్‌కు కూడా యూనికోడ్‌లో ఎమోజీ లక్షణం ఉంది. చదరపు గడిలో ఉండే 1, 2 బొమ్మలు వాటితోనే తయారవుతాయి. దానికోసం ఎమోజీ ఫాంట్‌లో అంకెలు కూడా పెట్టి ఉంటారు. ఫలితంగా సంఘం లెక్కల్లో మెయింటెనెన్స్ 2500 అని ఉండాల్సిన చోట 2 5 0 0 అని ఎడం ఎడంగా పరుచుకుంటుంది. బగ్ రిపోర్టులో ఎవరూ దీన్ని ఎమోజీ అని రాయరు, "అప్‌డేట్ తర్వాత నంబర్లు వింతగా ఉన్నాయి" అని రాస్తారు.

ఎర్ర హృదయం నల్లగా వస్తోందంటే ఇంకో చిక్కు. ఆ గుర్తు ఎమోజీలకంటే ముందునుంచీ యూనికోడ్‌లో మామూలు గుర్తుగా ఉంది. దాని వెనక ఎఫ్‌ఈ0ఎఫ్ అనే కనిపించని అక్షరం ఉంటే రంగుల్లో గీయాలి, ఎఫ్‌ఈ0ఈ ఉంటే నలుపు తెలుపులో గీయాలి. మీ ప్రోగ్రాం ఆ అక్షరాన్ని పారేస్తుంటే రంగు పోతుంది.

లైబ్రరీల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఫ్రీటైప్ 2.5, కైరో 1.16 లేదా ఆ తర్వాతవి ఉంటే రంగు ఎమోజీకి దారి ఉన్నట్టే. అక్షరాలను కలిపే పని హార్ఫ్‌బజ్‌ది. మీ ప్రోగ్రాం పాంగో ద్వారానో క్యూటీ ద్వారానో టెక్స్ట్ గీస్తుంటే ఇవన్నీ లోపల ఉంటాయి. సొంతంగా ఒక్కో అక్షరం తీసి ఒక్కో బొమ్మగా గీసే ప్రోగ్రాం అయితే ఎమోజీ కలవదు, తెలుగు వత్తులూ కలవవు. అలాంటిచోట ఎమోజీ కోసం అతుకులు వేయకండి, గీసే పని మొత్తం పాంగోకు అప్పగించే ప్యాచ్ (కోడ్‌లో చేసే మార్పు) రాయండి. పని పెద్దదే, ఫలితం అంతకంటే పెద్దది. విండో టైటిళ్లు చూపించే చిన్న ప్రోగ్రాములైతే లిబ్‌ఎక్స్‌ఎఫ్‌టీ వెర్షన్ కూడా చూడండి. 2.3.5కు ముందున్న వాటితో రంగు ఎమోజీ ఎదురైతే ప్రోగ్రామే కుప్పకూలేది.

ఎమోజీ కనబడగానే దాని బదులు బొమ్మ ఫైలు పెట్టే చిట్కా ఒకటుంది. నా మాట విని దాని జోలికి పోకండి. కాపీ చేస్తే బొమ్మ రాదు, వెతికితే దొరకదు, చూపు లేనివాళ్లకు స్క్రీన్ రీడర్ దాన్ని చదవదు.

లెక్కపెట్టడం, కోయడం, చెరపడం

అసలు పని ఇక్కడుంది. నిదానంగా చదవండి.

లాప్‌టాప్ అమ్మాయి బొమ్మ కంటికి ఒకటే. యూనికోడ్ లెక్కలో మూడు: ఆడమనిషి, జాయినర్ (ఇందాక చెప్పిన కలిపే అక్షరం), లాప్‌టాప్. క్యూటీ, జావా, జావాస్క్రిప్ట్ లాంటి యూటీఎఫ్-16 వాడేవి దాని పొడవు 5 అంటాయి. రస్ట్, సీ లాంటివి బైట్లు లెక్కపెట్టి 11 అంటాయి. పైథాన్ దాన్ని 3గా లెక్కపెడుతుంది. ఇప్పుడు మన "స్త్రీ" తీసుకోండి. కంటికి ఒకటే. సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, దీర్ఘం కలిపి 6. బైట్లలో 18. ఎమోజీని సరిగా లెక్కపెట్టలేని కోడ్ "స్త్రీ"ని కూడా లెక్కపెట్టలేదు.

ప్రోగ్రాంలో టెక్స్ట్ పొడవు వాడే ప్రతి చోటూ వెతికి పట్టుకోండి. లిస్టులో టైటిల్ పొడవుగా ఉంటే చివర కోసి మూడు చుక్కలు పెట్టే చోటు, పేరులో మొదటి అక్షరం తీసి గుండ్రటి బొమ్మలో వేసే చోటు, ఇన్ని అక్షరాలే రాయాలని హద్దు పెట్టే చోటు. కోత తప్పు చోట పడితే ఎమోజీలో సగం మిగిలి ప్రశ్న గుర్తవుతుంది. శ్రీనివాస్ అనే ఆయన పేరులో మొదటి అక్షరం తీస్తే "శ్రీ" రావాల్సింది, ఉత్త "శ" వస్తుంది. ఎన్ని యాప్‌లలో ఎంతమంది శ్రీలక్ష్ములు, ప్రసాదులు ఇలా కురచైపోయారో చూస్తూనే ఉన్నాం.

మందు ఒకటే: కంటికి ఒక అక్షరంగా కనిపించే గుంపుల వారీగా లెక్కపెట్టే పనిముట్టు వాడటం. యూనికోడ్ వాళ్లు వీటిని గ్రాఫీమ్ క్లస్టర్లు అంటారు. క్యూటీలో క్యూటెక్స్ట్‌బౌండరీఫైండర్ ఉంది. ఎలక్ట్రాన్‌లో ఇంటిల్ సెగ్మెంటర్ ఉంది. రస్ట్‌లో యూనికోడ్-సెగ్మెంటేషన్, పైథాన్‌లో రీజెక్స్ అనే విడి మాడ్యూల్, మిగతా చోట్ల ఐసీయూ అనే లైబ్రరీ. ఎమోజీ నంబర్ల పట్టిక సొంతంగా రాసుకుని పోల్చే కోడ్ కనిపిస్తే తీసేయమని చెప్పండి, వచ్చే ఏడాదికి అది పాతబడుతుంది.

ఒక మెలిక ఉంది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1కు ముందు నియమాల ప్రకారం "స్త్రీ" మూడు గుంపులు. 15.1లో పొల్లుతో కలిసే హల్లులను ఒక్కటిగా చూడాలని నియమం చేర్చారు, అందులో తెలుగు కూడా ఉంది. కాబట్టి లైబ్రరీ పాతదైతే ఎమోజీ సరిగా వచ్చి వత్తు మాత్రం ఊడచ్చు. టెస్ట్ రాసేటప్పుడు ఏ వెర్షన్ మీద నడుస్తోందో చూసుకోండి.

ఇక బ్యాక్‌స్పేస్. ఇక్కడ ఎమోజీ దారి వేరు, తెలుగు దారి వేరు. ఎమోజీ మీద బ్యాక్‌స్పేస్ కొడితే మొత్తం బొమ్మ పోవాలి. అమ్మాయి మిగిలి లాప్‌టాప్ ఒక్కటే పోతే వాడేవాళ్లకు వింతగా ఉంటుంది. తెలుగులో అలా కాదు. "కి" బదులు "కీ" కొట్టిన మనిషి బ్యాక్‌స్పేస్‌తో దీర్ఘం ఒక్కటే తీసి గుడి పెట్టుకుంటాడు. "స్త్రీ" మొత్తం ఒక్క దెబ్బకు పోతే మళ్లీ ఆరు కీలు కొట్టాలి. ఎమోజీ బగ్ సరిచేసే ఉత్సాహంలో "గుంపు మొత్తం చెరుపు" అని అన్నిటికీ ఒకే నియమం పెడితే తెలుగు టైప్ చేసేవాళ్లందరి ఉసురు తగులుతుంది. పాంగోలో దీనికోసమే బ్యాక్‌స్పేస్ డిలీట్స్ క్యారెక్టర్ అనే లక్షణం ఉంది. ఏ చోట ఒక్క అక్షరం చెరపాలో, ఏ చోట గుంపు చెరపాలో అది చెబుతుంది. దాన్ని వాడండి. కర్సర్ ముందుకు చెరిపే డిలీట్ కీ మాత్రం రెండిటికీ గుంపు మొత్తాన్నే తీయాలి, బాణం కీ కూడా గుంపులోపల ఆగకూడదు.

కనిపించని అక్షరాలను తుడిచేసే కోడ్

చాలా ప్రోగ్రాముల్లో "శుభ్రం చేసే" ఫంక్షన్ ఒకటుంటుంది. పేస్ట్ చేసిన టెక్స్ట్‌లోంచి కనిపించని అక్షరాలన్నీ తీసేస్తుంది. 200డి నంబరు జాయినర్ దానికి బలవుతుంది, లాప్‌టాప్ అమ్మాయి రెండు ముక్కలవుతుంది. దాని పక్క నంబరు 200సి మనది. "హైదరాబాద్‌లో" అని రాస్తే పొల్లు తర్వాత అది ఉండబట్టే "లో" విడిగా నిలబడుతుంది. తీసేస్తే "హైదరాబాద్లో" అయి దకారం కింద లావత్తు వేలాడుతుంది. ఆ ఫంక్షన్‌లో ఈ రెండు నంబర్లకూ, ఎఫ్‌ఈ0ఎఫ్‌కూ మినహాయింపు ఇవ్వండి.

వెతికేటప్పుడు మాత్రం 200సిని పట్టించుకోకూడదు. కొందరు దానితో కొడతారు, కొందరు లేకుండా కొడతారు, ఇద్దరికీ అదే ఫలితం రావాలి. దాచేటప్పుడు ఉంచండి, పోల్చేటప్పుడు వదిలేయండి.

ఎమోజీ కొట్టే దారి

సొంత ఎమోజీ పలక తయారు చేయాలన్న కోరిక అందరికీ కలుగుతుంది. వద్దు. విండోస్‌లో విండోస్ కీ, చుక్క కలిపి నొక్కితే పలక వస్తుంది. మ్యాక్‌లో కంట్రోల్, కమాండ్, స్పేస్. కేడీఈ ప్లాస్మాలో 5.18 నుంచి మెటా కీ, చుక్క. జీటీకే ప్రోగ్రాముల్లో టెక్స్ట్ పెట్టెలో కంట్రోల్, చుక్క నొక్కితే వస్తుంది. మీరు చూడాల్సిందల్లా మీ ప్రోగ్రాం షార్ట్‌కట్లు వీటికి అడ్డు రాకుండా ఉండటం, పలక నుంచి వచ్చిన టెక్స్ట్‌ను సగంలో పోగొట్టకుండా తీసుకోవడం. ఎమోజీ వచ్చే దారి, లినక్స్ టైపింగ్ పనిముట్టు ఐబస్‌తో తెలుగు వచ్చే దారి చాలాచోట్ల ఒకటే. ఒకటి రాకపోతే రెండోది కూడా పరీక్షించండి.

పలక పెట్టక తప్పదంటే పేర్లు మీరు రాయకండి. సీఎల్‌డీఆర్ అనే యూనికోడ్ వాళ్ల డేటాలో ఎమోజీల పేర్లు, వెతికే మాటలు తెలుగులో కూడా ఉన్నాయి. అవి తెచ్చుకోండి. ఏదైనా పేరు మనవాళ్లు అనేలా లేకపోతే అక్కడే సరిచేయమని అడగచ్చు.

పరీక్ష, పంపడం

ఒక ఫైలులో ఇవి పెట్టుకోండి: ఉత్త నమస్కారం, చర్మం రంగు మార్చిన నమస్కారం, లాప్‌టాప్ అమ్మాయి, నలుగురున్న కుటుంబం, మన జెండా, ఎర్ర హృదయం, గడిలో ఉన్న 1. వాటి మధ్యలో "స్త్రీ", "శ్రీ", "హైదరాబాద్‌లో", "రాష్ట్రం". ఒక్కోదాని మీద బాణం కీ, బ్యాక్‌స్పేస్, డిలీట్ నొక్కండి. సగం సెలెక్ట్ చేసి కాపీ కొట్టండి. సేవ్ చేసి మూసి మళ్లీ తెరవండి. టైటిల్‌గా పెట్టి విండో చిన్నది చేయండి. ఇంతకంటే పెద్ద పరీక్ష కావాలంటే యూనికోడ్ వాళ్లే ఎమోజీ-టెస్ట్ అనే ఫైలు ఇస్తారు, మూడు వేల ఏడు వందలకు పైగా ఎమోజీలుంటాయి.

ప్యాచ్‌ను ముక్కలుగా పంపండి. ఎన్‌కోడింగ్ ఒకటి, కోత ఒకటి, బ్యాక్‌స్పేస్ ఒకటి. ప్రతిదానికీ ముందు, తర్వాత స్క్రీన్‌షాట్లు పెట్టి, ఏ ఫాంట్, ఏ లైబ్రరీ వెర్షనో రాయండి. ఎమోజీ టెస్టుల పక్కనే తెలుగు టెస్టులు అదే ప్యాచ్‌లో ఉండాలి. "తర్వాత పెడతాను" అని వదిలేస్తే ఆ తర్వాత రాదు. తెలుగు టెస్టు ఎందుకని అడిగితే, బ్యాక్‌స్పేస్ తేడా రెండు వాక్యాల్లో చెప్పి లాప్‌టాప్ అమ్మాయి, "స్త్రీ" పక్కపక్కన ఉన్న స్క్రీన్‌షాట్ ఒకటి జతచేయండి. ఒంటరిగా కూర్చుని చేయలేనంటే ఈ ఊళ్లో తోడు దొరుకుతుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద ఏళ్లుగా పనిచేస్తున్న స్వేచ్ఛ సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది.

ప్యాచ్ కలిసిపోయాక కూడా కొంచెం పని మిగులుతుంది. ఈ మధ్య యూనికోడ్ కొత్త వెర్షన్లు సెప్టెంబర్‌లోనే వస్తున్నాయి: 2023లో 15.1, 2024లో 16.0, 2025లో 17.0. కొత్త బొమ్మలు ఫాంట్లకు చేరేసరికి కొన్ని నెలలు పడుతుంది. ఈలోగా "కొత్త ఎమోజీ డబ్బాలా వస్తోంది" అని రిపోర్టులు వస్తాయి. వాటికి ఫాంట్ అప్‌డేట్ చేసుకోమని ఒక జవాబు ముందే రాసి పెట్టుకోండి, కోడ్ ముట్టుకోనక్కర్లేదు.